సీసా ఎక్కేటప్పుడు కావలి ఎవరు?



ఇయ్యాల చెప్పుకునే మాట సెలైన్ సీసా గురించి. కొందరు దాన్ని గ్లూకోజు అంటారు. కొందరు బాటిలు అంటారు. పేరు ఏదైనా, తుంగతుర్తి చుట్టుపక్కల దాన్ని చూడని ఇల్లు ఉండదు. వడదెబ్బ తగిలితే సీసా. వాంతులు విరేచనాలైతే సీసా. జ్వరమొస్తే సీసా. నాట్లు వేసి ఒళ్లు హూనమైతే కూడా సీసానే.

సీసా ఎక్కేటప్పుడు మంచం పక్కన కూర్చునేది ఎవరు? డాక్టరు రోజుకు ఒకసారో రెండుసార్లో వస్తారు. నర్సమ్మ ఒక్కతే ఎన్నో మంచాలు చూడాలి. పొద్దంతా, రాత్రంతా పక్కన ఉండేది తల్లి, అత్త, కోడలు, అక్క. అంటే ఆడమనిషే. నిన్నమొన్నటి దాకా సీసా మీది రాతలు ఆమెకు చీమల బారు లెక్క కనిపించేవి. ఇప్పుడు ఆమెకు అక్షరం వచ్చింది. అంకె వచ్చింది. గడియారం చూడటం వచ్చింది. రోగి ప్రాణాన్ని కాపాడటానికి ఈ మూడూ పనికొస్తాయి. ఎట్లా పనికొస్తాయో చూద్దాం.

సీసాలో ఏముంది?

సీసాలు రెండు మూడు రకాలు. నార్మల్ సెలైన్ అని రాసి ఉంటే అది ఉప్పు నీళ్లు. ఒక లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు. డెక్స్‌ట్రోజ్ 5 శాతం అని రాసి ఉంటే అది చక్కెర నీళ్లు. రింగర్ లాక్టేట్ అని రాసి ఉంటే అందులో ఉప్పుతో పాటు ఒంటికి కావలసిన మరికొన్ని లవణాలు ఉంటాయి. ఇవన్నీ క్రిములు లేకుండా శుద్ధి చేసి, గట్టిగా మూసిన నీళ్లు.

"సీసా ఎక్కిస్తే బలమొస్తది" అని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూడండి. అర లీటరు చక్కెర సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే ఐదు టీ చెమ్చాలు. ఒక జొన్న రొట్టె అంతకంటే ఎక్కువ శక్తి ఇస్తుంది. ఉప్పు సీసాలో అయితే ఆ శక్తి కూడా లేదు. నీరసంగా ఉందని, కూలి డబ్బులు పెట్టి సీసా ఎక్కించుకునే అక్క ఐదు చెమ్చాల చక్కెరకు వందల రూపాయలు పోస్తున్నది. అదే డబ్బుతో గుడ్లు, పప్పు, పండ్లు ఎన్ని వస్తాయి? నీరసం తగ్గకపోతే రక్తం తక్కువుందేమో పరీక్ష చేయించుకోవాలి. రక్తం తక్కువైతే సీసాతో రక్తం పెరగదు.

ఎప్పుడు ప్రాణం పోస్తుంది?

అట్లని సీసా చెడ్డదని కాదు. అవసరమైనప్పుడు అది అమృతమే. కలరా సోకి, ఒంట్లో నీరంతా పోయి, మాట పడిపోయిన మనిషికి నరం ద్వారా ఉప్పు నీళ్లు ఎక్కించవచ్చని 1832లో స్కాట్లాండు దేశపు డాక్టరు థామస్ లట్టా చూపించాడు. ఆయన మొదట ఎక్కించింది ఒక ముసలామెకు. చావుకు దగ్గరైన ఆమె అరగంటలో లేచి గట్టిగా మాట్లాడింది. గండం గడిచిందనుకుని, ఆమెను దవాఖానలోని వేరే డాక్టరుకు అప్పగించి లట్టా వెళ్లిపోయాడు. కాసేపటికే వాంతులు విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. ఎక్కించిన నీరంతా పోయింది. ఆయన వెళ్లిన ఐదున్నర గంటలకు ఆమె చనిపోయింది.

సీసా చరిత్ర మొదటి రోజే ఒక పాఠం చెప్పింది. ఎక్కించడంతో పని అయిపోదు. పక్కన కావలి ఉండాలి. గమనిస్తూ ఉండాలి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. లక్షలాది జనం సరిహద్దు దాటి మన దేశానికి వచ్చారు. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర, వంట సోడా నీటిలో కలిపించి డ్రమ్ముల్లో పెట్టించాడు. రోగుల చుట్టాలే గ్లాసులతో తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా చనిపోయే చోట, చావులు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. మహలనబిస్ 2022లో కన్నుమూశారు. మరుసటి ఏడు ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ఇచ్చింది. ఇయ్యాల ఆశ కార్యకర్త దగ్గర దొరికే ఓఆర్ఎస్ పొట్లం ఆ దారిలో వచ్చిందే.

కాబట్టి నోటితో తాగగలిగిన మనిషికి ముందు నోటితోనే తాగించాలి. పొట్లం మీద ఎంత నీళ్లని రాసి ఉందో చదవండి. పెద్ద పొట్లం అయితే లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెమ్చాల చక్కెర, అర చెమ్చా ఉప్పు కలపాలి. చెమ్చా మీద గోపురం లెక్క పోయొద్దు. సమంగా తియ్యాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు కీడు. పిల్లకు వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెమ్చా చెమ్చాగా మళ్లీ పట్టాలి. తల్లిపాలు ఆపొద్దు.

మరి సీసా ఎప్పుడు కావాలి? మనిషి మత్తుగా పడి ఉన్నప్పుడు. తాగలేనప్పుడు. తాగినదంతా కక్కేస్తున్నప్పుడు. కళ్లు లోపలికి పోయి, పొట్ట మీది చర్మం గిల్లి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నప్పుడు. కాన్పులో రక్తం ఎక్కువగా పోయినప్పుడు. పాము కరిచి విరుగుడు మందు ఎక్కించవలసి వచ్చినప్పుడు. ఇట్లాంటప్పుడు ఊర్లో ఆలోచిస్తూ కూర్చోవద్దు. 108కి ఫోను చేసి దవాఖానకు పోవాలి.

సూది ఒక తలుపు

ఒంటి మీది తోలు ఇంటికి గోడ లాంటిది. బయటి క్రిములు లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. నరంలో సూది గుచ్చడం అంటే ఆ గోడకు ఒక తలుపు తెరవడం. ఆ తలుపు నేరుగా రక్తంలోకి తెరుచుకుంటుంది. మందు పోయే దారిలోనే మురికి కూడా పోగలదు. అందుకే సూది పెట్టే పద్ధతి శుభ్రంగా ఉండాలి.

పద్ధతి తెలిసిన నర్సమ్మ ఏం చేస్తుందో చూడండి. ముందు చేతులు కడుక్కుంటుంది. లేకుంటే చేతుల శుద్ధి మందు రాసుకుంటుంది. చేతి తొడుగులు వేసుకుంటుంది. కొత్త సూది, కొత్త గొట్టం పొట్లాలు మీ ఎదుటే చింపుతుంది. గుచ్చే చోట మందు దూదితో తుడిచి, ఆరేదాకా ఆగుతుంది. ఆరితేనే క్రిములు చస్తాయి. తుడిచిన చోటును మళ్లీ వేలితో ముట్టదు. గొట్టంలోకి నీళ్లు వదిలి గాలి పోగొట్టిన తర్వాతే చేతికి తగిలిస్తుంది.

చేతిలో సూది అట్లనే ఉంటదని చాలామంది భయం. అది నిజం కాదు. నరంలోకి పోయాక ఇనుప సూదిని బయటికి తీసేస్తారు. లోపల ఉండేది మెత్తని సన్నని ప్లాస్టిక్ గొట్టం. దాన్ని క్యాన్యులా అంటారు. దాని రంగును బట్టి లావు తెలుస్తుంది. పసుపుది చాలా సన్నం, పసిపిల్లలకు పెడతారు. నీలం దానికంటే కొంచెం లావు. గులాబి ఇంకొంచెం లావు. ఆకుపచ్చది ఇంకా లావు. రక్తం త్వరగా ఎక్కించవలసి వస్తే లావుది పెడతారు.

క్యాన్యులా పెట్టిన తేదీ, టైము పట్టీ మీద రాయాలి. రాయకపోతే గుర్తు చేయండి. చాలా దవాఖానల్లో మూడు నాలుగు రోజులకు దాన్ని మారుస్తారు. నొప్పి, ఎరుపు, వాపు వస్తే అన్ని రోజులు ఆగొద్దు. వెంటనే తీయించాలి. దానితో పని లేకపోతే ఒక్క పూట కూడా ఉంచొద్దు. "మళ్లీ పనికొస్తదేమో" అని క్యాన్యులాతోనే ఇంటికి పోవడం, దానితోనే బట్టలు ఉతకడం, పత్తి ఏరడం చాలా ప్రమాదం.

సూది పెట్టే చేతికి గాజులు, ఉంగరం ఉంటే ముందే తీసి రెండో చేతికి వేసుకోవాలి. చెయ్యి వాస్తే గాజు బిగుసుకుంటుంది. పిల్లల చేతికి అట్ట కట్టినప్పుడు వేళ్లను చూస్తుండాలి. వేళ్లు చల్లబడినా, నల్లబడినా కట్టు బిగుతైందని అర్థం. నర్సమ్మకు చెప్పాలి.

సీసా మీద చదవండి

సీసా తగిలించే ముందు నాలుగు సంగతులు చూడాలి.

ఒకటి, పేరు. కేసు కాగితం మీద ఉన్నది మీ మనిషి పేరేనా? ఒకే వార్డులో ఒకే పేరు గలవాళ్లు ఇద్దరు ఉండొచ్చు. ఇంటిపేరు, వయసు కూడా చూడండి.

రెండు, తేదీ. సీసా మీద తయారైన నెల, గడువు నెల ఉంటాయి. గడువు దాటితే వద్దనండి.

మూడు, సీసాలోని నీళ్లు. వెలుతురుకు పెట్టి చూడండి. నీళ్లు తేటగా ఉండాలి. మసకగా ఉన్నా, నలకలు తేలినా, సీసా కారుతున్నా, మూత ఊడినా దాన్ని ఎక్కించకూడదు.

నాలుగు, కలిపిన మందు. సీసాలో వేరే మందు కలిపితే దాని పేరు, కలిపిన టైము ఒక చీటీ మీద రాసి అతికించాలి. చీటీ లేకపోతే అడగండి.

అన్ని క్రిములు కంటికి కనబడవు. 2016లో హైదరాబాదులోని సరోజినీదేవి కంటి దవాఖానలో ఆపరేషన్ చేయించుకున్న 13 మందికి కంట్లో క్రిములు చేరాయి. కొందరికి చూపు పోయింది. ఆపరేషన్లో వాడిన రింగర్ లాక్టేట్ సీసాలోనే క్రిములు ఉన్నట్టు బయటపడింది. అందుకే సీసా ఎక్కేటప్పుడు వణుకు, జ్వరం వస్తే ఆ సీసాను పారెయ్యనివ్వొద్దు. దాని మీద కంపెనీ పేరు, బ్యాచి నంబరు ఉంటాయి. నంబరు తెలిస్తేనే అదే రకం సీసాలను వేరే మంచాల దగ్గర కూడా ఆపగలుగుతారు.

చుక్కల లెక్క

సీసా కింద గొట్టంలో ఒక చిన్న గది ఉంటుంది. అందులో చుక్కలు పడుతుంటాయి. గొట్టానికి ఒక చిన్న చక్రం ఉంటుంది. దానితో చుక్కల వేగం పెంచుతారు, తగ్గిస్తారు.

మామూలు గొట్టంలో 20 చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. అర లీటరు సీసా అంటే 500 మిల్లీలీటర్లు. అంటే పది వేల చుక్కలు. డాక్టరు నాలుగు గంటల్లో ఎక్కించమంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. ఎనిమిది గంటల్లో అంటే నిమిషానికి 21 చుక్కలు. పిల్లల గొట్టం వేరు. దానిలో 60 చుక్కలకు ఒక మిల్లీలీటరు.

నర్సమ్మను అడగండి: "నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలె?" ఆమె చెప్పిన అంకె కాగితం మీద రాసుకోండి. గంటకొకసారి గడియారం చూస్తూ ఒక్క నిమిషం చుక్కలు లెక్కపెట్టండి. తేడా వస్తే చెప్పండి. రోగి చెయ్యి మడిచినా, పక్కకు తిరిగినా వేగం మారుతుంది.

చాలామంది ఒక పొరపాటు చేస్తారు. పొద్దుగూకుతుంది, ఆఖరి బస్సు పోతుంది అని చక్రాన్ని మొత్తం తిప్పేస్తారు. నాలుగు గంటలకు ఎక్కవలసిన నీళ్లు గంటలోపే ఎక్కుతాయి. గుండె జబ్బు ఉన్నవాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు, పసిపిల్లలకు ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరి ఆడదు. ప్రాణమే పోవచ్చు. బస్సు రేపు కూడా వస్తుంది. చక్రం మీద చెయ్యి వేయవలసింది నర్సమ్మే.

షుగరు, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులు ఉంటే ముందే చెప్పాలి. కడుపుతో ఉంటే చెప్పాలి. ఇంతకు ముందు ఏ మందు పడలేదో అది కూడా చెప్పాలి.

చేతిని చూస్తుండండి

సీసా ఎక్కుతున్నంత సేపు చేతిని దుప్పటి కింద దాచొద్దు. కనబడేటట్టు ఉంచాలి.

సూది దగ్గర వాచి, చల్లగా, బిగుతుగా ఉంటే నీళ్లు నరంలోకి పోవడం లేదు, బయట చేరుతున్నాయని గుర్తు. ఎర్రగా, వెచ్చగా ఉండి, నరం తాడు లెక్క గట్టిపడి నొప్పి పుడితే నరం వాచిందని గుర్తు. చీము కనిపిస్తే క్రిములు చేరాయని గుర్తు. పట్టీ తడిసినా, ఊడినా కూడా చెప్పాలి. పసరు, పసుపు, సున్నం లాంటివి పూయొద్దు.

వీటి కంటే పెద్ద ప్రమాదాలు నాలుగు. చలి పుట్టి వణుకు రావడం. ఊపిరి ఆడకపోవడం. ఒళ్లంతా దురద, దద్దుర్లు, ముఖం వాపు రావడం. మనిషి ఉన్నట్టుండి మత్తులోకి జారడం. ఇట్లయితే గట్టిగా కేక వేసి నర్సమ్మను పిలవాలి. ఆమె దూరంగా ఉంటే, ఈ ఒక్క సందర్భంలో మాత్రం చక్రాన్ని మూసేసి పరుగెత్తాలి. సూది మాత్రం పీకొద్దు. విరుగుడు మందు ఇవ్వడానికి ఆ దారి కావాలి.

చిన్న గాలి బుడగ కనిపిస్తే గుండె ఆగిపోతదని భయపడొద్దు. ఒకటి రెండు చిన్న బుడగలతో ప్రాణం పోదు. గొట్టం నిండా గాలి ఉంటేనే ప్రమాదం. అట్లా కనిపిస్తే వెంటనే చెప్పాలి. సీసా అడుగంటక ముందే నర్సమ్మను పిలవాలి. మొత్తం అయిపోయేదాకా చూస్తే రక్తం గొట్టంలోకి ఎక్కి గడ్డకట్టవచ్చు.

ఒకరి సూది ఒకరికే

2009లో గుజరాత్ రాష్ట్రం మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి అనే కామెర్ల జబ్బు పాకింది. పదుల మంది చనిపోయారు. ఒకరికి వాడిన సిరంజీలు మరొకరికి వాడటమే కారణమని తేలింది. హెచ్ఐవీ కూడా ఆ దారిలోనే వస్తుంది. కాబట్టి సూది, సిరంజీ, గొట్టం, క్యాన్యులా ఒకరివి ఒకరికే. సూది మార్చి అదే సిరంజీ వాడినా తప్పే. మిగిలిన సగం సీసాను వేరేవాళ్లకు ఎక్కించినా తప్పే.

పని అయిపోయిన సూది గట్టి డబ్బాలో పడాలి. గొట్టం, సీసా ఎర్ర సంచిలో పడాలి. పరుపు మీద, నేల మీద వదిలేస్తే తెల్లారి ఊడ్చే అక్క చేతికి గుచ్చుకుంటుంది. ఆమె కూడా ఒక ఇంటి తల్లే. ఖాళీ సీసాలు, గొట్టాలు పిల్లలకు ఆటకు ఇవ్వొద్దు.

ఊర్లో ఇంటి గుంజకు మేకు కొట్టి సీసా వేలాడదీస్తారు. ఎక్కించే మనిషి అది తగిలించి ఇంకో ఇంటికి పోతాడు. వణుకు వస్తే చూసే దిక్కు ఉండదు. ఇచ్చే విరుగుడు ఉండదు. మందు బిళ్లతో, తాగే నీళ్లతో తగ్గే జబ్బుకు సూది అడగొద్దు. "డాక్టరు సూది ఇయ్యలేదు, మంచి డాక్టరు కాదు" అనే మాట మానుకోవాలి. అవసరం లేని సూది వద్దన్న డాక్టరే మంచి డాక్టరు. నిజంగా అవసరమైతే సర్కారు దవాఖాన ఉంది. అక్కడ కాకపోతే సూర్యాపేటలో పెద్ద దవాఖాన ఉంది. 2019 నుంచి అక్కడ మెడికల్ కాలేజీ కూడా నడుస్తున్నది.

ఎట్లా అడగాలి?

"అడిగితే సిస్టరు కోపం చేస్తదేమో" అని చాలామందికి జంకు. మర్యాదగా అడిగితే తప్పు లేదు. ఈ నాలుగు మాటలు నేర్చుకోండి.

"సిస్టరమ్మా, ఇది ఏం సీసా? ఎందుకు పెడుతున్నరు?"

"చేతులు కడుక్కున్నరా తల్లీ? ఏమనుకోకు, పసిపిల్ల కదా."

"నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలె?"

"చెయ్యి వాచినట్టుంది. ఒక్కసారి వచ్చి చూడమ్మా."

నర్సమ్మ పరాయిది కాదు. ఆమెకు కూడా పని ఎక్కువ, నిద్ర తక్కువ. మంచం పక్కన తెలివిగా గమనించే మనిషి ఉంటే ఆమెకు ఇంకో రెండు కళ్లు ఉన్నట్టే. ప్రశ్న ఆమెను తప్పు పట్టడానికి కాదు, రోగిని కాపాడటానికి.

అడగడం ఈ గడ్డ ఆడవాళ్లకు కొత్త కాదు. దొరల గడీలను ఎదిరించి నిలిచిన మల్లు స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచే శాసనసభకు గెలిచారు. అంత పెద్ద ప్రశ్నలు అడిగిన చోట, "ఈ సీసా ఎందుకు?" అన్న చిన్న ప్రశ్నకు జంకు ఎందుకు?

అక్షరం నేర్చింది సంతకం పెట్టడానికి మాత్రమే కాదు. సీసా మీద తేదీ చదవడానికి. చుక్కలు లెక్కపెట్టడానికి. కాగితం మీద అయినవాళ్ల పేరు సరిచూడటానికి. నరంలోకి పోయే ప్రతి చుక్కకూ చదువొచ్చిన ఆడమనిషి కావలి ఉండాలి.

చదివినంక కూడి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో కిందటిసారి సీసా ఎందుకు ఎక్కించారు? అది నోటితో తాగించే నీళ్లతో తగ్గేదేనా?

2. అర లీటరు సీసా ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలు పడాలి? లెక్క వేసి చూడండి.

3. ఓఆర్ఎస్ పొట్లం ఒకటి తెచ్చి దాని మీది రాతలు అందరూ చదవండి. లీటరు నీళ్లు కొలిచి కలిపి చూడండి.

4. సీసా ఎక్కేటప్పుడు వణుకు వస్తే మొదట ఏం చేయాలి? ఏం చేయకూడదు?